పాత కారుకు వేయించిన టైర్లు: రెండేళ్లు దాటాక నా మాట

మాది 2011 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్. ఉండేది అనంతపురంలో. తాడిపత్రి, గుత్తి, కర్నూలు వైపు తరచూ వెళ్తుంటాం. ఈ టైర్లు (165/80 ఆర్14, ట్యూబ్‌లెస్) వేయించి రెండేళ్లు దాటింది. టైర్లు మంచివే. మధ్యలో వచ్చిన మోత చూసి వాటిని పారేసి ఉంటే డబ్బు దండగయ్యేది.

ఏడాది తిరిగాక 60 స్పీడులో హోరు మొదలైంది. 80 దాటితే పక్కవాళ్ల మాట వినపడేది కాదు. బండి ఎడమకు లాగేది కూడా. ఒక షాపులో చక్రం విప్పకుండానే కొత్త టైర్లు వేయించమన్నారు. నాకు నమ్మకం కుదరలేదు.

ముందు చూడాల్సింది రోడ్డు. గుత్తి దారిలో గరుకు తారు పోయి నున్నటి తారు రాగానే మోత మారింది. అలా మారితే చాలావరకు అది టైరుదే. ఏ రోడ్డు మీదైనా ఒకేలా ఉంటే, చక్రం తేలిగ్గా తిరగడానికి ఉండే బేరింగ్‌ను అనుమానించాలి. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ కాస్త కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే సాధారణంగా ఎడమ బేరింగే పోయి ఉంటుంది. మా బండిలో ఆ తేడా రాలేదు.

తర్వాత అరచేత్తో టైర్లు తడిమి చూశాను. ముందు టైర్లు ఒకవైపు రుద్దితే నున్నగా, వెనక్కి రుద్దితే రంపం పళ్లలా తగిలాయి. టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) తప్పితే ఇలా అరుగుతాయి. వెనక టైర్లలో అక్కడక్కడా గుంటలు. షాకబ్జర్లు అయిపోతే చక్రం రోడ్డు మీద కుదురుగా ఉండదు, అందుకే ఆ గుంటలు. డిక్కీ మూల గట్టిగా నొక్కి వదిలితే బండి చాలాసేపు ఊగింది కూడా.

ఎడమకు లాగడం సంగతి వేరు. మన రోడ్లు ఎడమ అంచుకు వాలుగా ఉంటాయి కాబట్టి కొంచెం లాగడం సహజమే. మాది అంతకన్నా ఎక్కువ. ముందు టైర్లు కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చినా అటే లాగింది. అంటే తప్పు టైరుది కాదు. (తిరిగే దిక్కు బాణం గుర్తుతో ఉన్న టైర్లను ఇలా మార్చకూడదు.) అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేసే అబ్బాయి బండి ఎత్తి చూసి, "అన్నా, లోయర్ ఆర్మ్ బుష్‌లు పోయినాయి. అవి మార్చకుండా అలైన్‌మెంట్ చేస్తే నెలకే మళ్లీ వస్తావు" అని, డబ్బు తీసుకోకుండా పంపించాడు. (లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని బండికి కలిపే కింది చేయి, బుష్‌లు దాని కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు.) అలాంటి మనిషి దొరకడం అదృష్టం.

బుష్‌లు, వెనక షాకబ్జర్లు మార్చి, అలైన్‌మెంట్ చేయించాక బండి తిన్నగా పోతోంది. మోత మాత్రం ఆ రోజే పోలేదు. వంకరగా అరిగిన రబ్బరు ఒక్కసారిగా సాఫు కాదు. ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చి తిప్పగా మెల్లగా తగ్గింది. ఇప్పటికీ గరుకు తారు మీద కాస్త వినిపిస్తుంది.

వానలో బ్రేకు పట్టు బాగుంది. మైలేజీలో తేడా తెలియలేదు. గాలి పొద్దున్నే, బండి తీయకముందు, తలుపు దగ్గరి స్టిక్కర్ ప్రకారం పట్టిస్తాను. టైరు మీద రాసి ఉండేది అది తట్టుకునే గరిష్ఠం మాత్రమే. టైరు గాడుల్లో ఉండే 1.6 మి.మీ. అరుగుదల గుర్తుదాకా అరగడానికి ఇంకా టైముంది. అప్పుడు మళ్లీ ఇవే వేయిస్తా. ఒకేసారి నాలుగు కుదరకపోతే కొత్తవి రెండూ వెనక్కే.