బ్లూటూత్‌కు తాళం ఎక్కడ వేయాలి: బయాస్‌లోనా, విండోస్‌లోనా?

రాయగడ, పర్లాకిమిడిలలో నేను కంప్యూటర్లు చూసే కార్యాలయాల వాళ్లందరిదీ ఇప్పుడు ఒకటే ప్రశ్న. బ్లూటూత్‌ను ఎక్కడ ఆపితే సిబ్బంది మళ్లీ ఆన్ చేసుకోలేరు?

అడగడంలో తప్పు లేదు. మన బజారు గదులకు మధ్యగోడ ఒక్కటే ఉంటుంది. మొన్న ఒక ఫైనాన్సు కార్యాలయంలో కూర్చుని పరికరాల జాబితా తెరిస్తే పక్క దుకాణం స్పీకర్లు రెండు, పైఅంతస్తు టీవీ, ఒడియాలో పేరు పెట్టుకున్న ఎవరిదో ఫోను కనిపించాయి. వాళ్లకు మనమూ అంతే దగ్గర. 2017లో బయటపడిన బ్లూబోర్న్ లోపాలకైతే జత కలపడం కూడా అక్కరలేదు, బ్లూటూత్ ఆన్‌లో ఉంటే చాలు. వాటికి అప్‌డేట్లు వచ్చాయి, నిజమే. అయితే ఇక్కడి అసలు బెడద అంత దూరం నుంచి రాదు. ఖాతాదారుల ఆధార్ నకళ్లు గుమాస్తా ఫోనులోకి రెండు నొక్కులలో వెళ్లిపోతాయి.

మొదట నేనూ బయాస్‌నే నమ్మాను, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు ప్రోగ్రామును. అక్కడ ఆపితే విండోస్‌కు ఆ రేడియో ఉన్నట్లే తెలియదు, సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఆ అమరిక చెక్కుచెదరదు. బయాస్‌కు పాస్‌వర్డ్ పెట్టడం మాత్రం మరచిపోకూడదు. కొన్ని బోర్డులలో వైఫైకీ బ్లూటూత్‌కూ కలిపి ఒకటే మీట ఉంటుంది, అదొక చిక్కు. ఒక కార్యాలయంలో పది యంత్రాలకు ఇలాగే చేసి నిశ్చింతగా ఇంటికి వెళ్లాను. వారం తిరిగాక ప్రింటర్ తీగ కోసం బల్ల కింద దూరితే ఒక సీపీయూ వెనుక నీలం దీపం మిణుకుమంటోంది. వేలిగోరంత యూఎస్‌బీ డాంగిల్, గుచ్చితే చాలు బ్లూటూత్ వచ్చేస్తుంది! రెండు మూడు వందలు పెడితే ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. బయాస్ ఆపింది బోర్డు మీది రేడియోను మాత్రమే. కొత్తగా గుచ్చిన దానితో దానికి పని లేదు.

అప్పటి నుంచి ఏ పద్ధతినైనా నేను ఒక్క పరీక్షే పెడుతున్నాను: డాంగిల్ గుచ్చితే ఏమవుతుంది?

ఇందులో నెగ్గేది గ్రూప్ పాలసీ, అంటే యంత్రంలో ఏది చెల్లాలో ఏది చెల్లకూడదో నిర్ణయించే విండోస్ అమరికలు. డివైస్ ఇన్‌స్టలేషన్ రిస్ట్రిక్షన్స్ అనే భాగంలో ఒక తరగతి పరికరాలను మొత్తంగా నిషేధించే అమరిక ఉంది. డివైస్ మేనేజర్‌లో బ్లూటూత్ రేడియో వివరాలు తెరిచి, క్లాస్ గూయిడ్ (Class Guid) అనే పొడుగాటి సంఖ్యను తీసి అక్కడ అతికించాలి. ఇప్పటికే ఉన్న పరికరాలకూ వర్తించాలనే గడిలో టిక్ పెడితే పాత రేడియో కూడా మూగబోతుంది. డాంగిల్ గుచ్చినా డ్రైవర్ ఎక్కదు. ఆ సంఖ్య విషయంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఒకసారి తొందరలో రేడియోది కాకుండా బ్లూటూత్ కీబోర్డుది అతికించాను. అది కీబోర్డులన్నిటి తరగతి కాబట్టి తీగ కీబోర్డు కూడా చచ్చి ఊరుకుంది. మౌస్ బతికి ఉండబట్టి బయటపడ్డాను.

దీనికి షరతులు రెండు. విండోస్ ప్రో గానీ అంతకు పైది గానీ ఉండాలి, హోమ్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ రాదు. రెండోది, సిబ్బంది ఖాతాలు అడ్మినిస్ట్రేటర్ ఖాతాలు కాకూడదు. మన వైపు చిన్న కార్యాలయాలలో అందరూ ఒకే అడ్మిన్ ఖాతాతో పని కానిచ్చేస్తుంటారు. అది మార్చకుండా పాలసీ పెట్టడమంటే తాళం వేసి చెవి తలుపుకే వేలాడదీయడం.

అసలు మొత్తం ఆపడం కుదరని చోట్లూ ఉన్నాయి. బరంపురంలో ఒక పట్టుచీరల దుకాణంలో బార్‌కోడ్ స్కానర్ బ్లూటూత్‌ది. యంత్రాలన్నిటినీ ఒకచోటి నుంచి అదుపు చేసే ఇంట్యూన్ లాంటి నిర్వహణ ఉంటే సర్వీసెస్ అలౌడ్ లిస్ట్ అనే పాలసీతో కీబోర్డు, హెడ్‌సెట్ సేవలను ఉంచి ఫైళ్ల బదిలీని మాత్రం ఆపవచ్చు. పెద్ద సంస్థలకు ఇదే సరైన దారి అంటాను. పది యంత్రాల దుకాణానికి అంత హంగు ఎందుకు? పైగా ఆ స్కానర్ కంప్యూటర్‌కు కీబోర్డులాగే కనిపిస్తుంది కాబట్టి కీబోర్డులకు దారి తెరిచి ఉంచక తప్పదు. నకిలీ కీబోర్డు యజమాని అనుమతి లేకుండానే జత కలిసి అక్షరాలు కొట్టగలిగే లోపం 2023 చివర్లోనే బయటపడింది. అందుకే తీగ స్కానర్ కొనుక్కోమన్నాను.

ఇక మిగిలినవి. టాస్క్‌బార్ మూలన ఉండే మీటను ఎవరైనా తిప్పేయగలరు, దాన్ని తాళం అనలేం. బ్లూటూత్ సపోర్ట్ సర్వీస్‌ను డిజేబుల్ చేయడం పాలసీ పెట్టేలోపు ఒక పూటకు పనికొస్తుంది. లినక్స్ వాడేవాళ్లు రేడియోలను ఆపే ఆర్‌ఎఫ్‌కిల్ ఆదేశంతో సరిపెట్టుకోవద్దు, చాలా డెస్క్‌టాప్‌లలో మామూలు వాడుకరి కూడా దాన్ని తిరగదీయగలడు. యూఎస్‌బీ బ్లూటూత్‌ను నడిపే డ్రైవర్ అయిన బీటీయూఎస్‌బీ మాడ్యూల్ ఎక్కకుండా ఆపితే డాంగిల్ సంగతి కూడా తేలిపోతుంది.

నా లెక్కలో ముందు పాలసీ, తీరిక ఉంటే దాని మీద బయాస్. నీలం దీపం కనిపించిన కార్యాలయంలో ఇప్పుడు రెండూ ఉన్నాయి. పని ముగించి లేస్తుంటే మేనేజరు గారు ఆపి, "ఇంతకీ నా వైరు లేని మౌస్ పోయినట్టేనా బాబూ?" అని అడిగారు. పోదండీ అన్నాను. చిన్న యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే ఆ మౌస్ బ్లూటూత్‌ది కాదు. కదిపి చూసుకుని, మళ్లీ లెడ్జర్‌లో తల దూర్చారు.