బరువు కదలనప్పుడు వంటింటి కాటా: 16 నెలల వాడకం తర్వాత

డైటూ నడకా మానకపోయినా బరువు నెలన్నరగా ఒకేచోట ఉందంటే చాలామంది రాత్రి అన్నం మానేస్తారు, లేదంటే నడక ఇంకో రెండు కిలోమీటర్లు పెంచుతారు. వాటికంటే ముందు కిచెన్ కాటా ఒకటి కొనమంటాను. ఇక్కడ రాస్తున్నది మామూలు డిజిటల్ కాటా గురించి. 5 కిలోల దాకా తూస్తుంది, 1 గ్రాము తేడాని కూడా పట్టి చూపిస్తుంది, రెండు సన్న పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. ఏ కంపెనీది అన్నది పెద్ద విషయం కాదు, ఈ రకంవన్నీ దాదాపు ఒకేలా పనిచేస్తాయి.

అసలు బరువు ఆగిందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. రోజూ పొద్దున బాత్రూంకి వెళ్లొచ్చాక, నీళ్లు తాగకముందు ఒంటి బరువు చూసుకుని ఏడు రోజుల సగటు రాయండి. ఆదివారం బిర్యానీ తిన్న మర్నాడు కిలో పెరిగితే అది కొవ్వు కాదు, ఉప్పూ అన్నమూ పట్టి ఉంచిన నీరు. ఆడవాళ్లు ఈ వారాన్ని పోయిన వారంతో కాకుండా, పోయిన నెలసరిలో ఇదే వారంతో పోల్చాలి. నాలుగు వారాల సగటులో కూడా కదలిక లేకపోతే అప్పుడు ఆగినట్టు.

ఆగడానికి సగం కారణం ఒంట్లోనే ఉంది. 90 కిలోల మనిషి 82కి వస్తే, ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే క్యాలరీలు రోజుకు దాదాపు 80 తగ్గుతాయి. అదే 5 కిలోమీటర్ల నడక కూడా ముందంత ఖర్చు పెట్టించదు. అంటే మొదటి నెలలో పనిచేసిన తిండి లెక్క ఇప్పుడు సరిపోదు. మిగతా సగం కంటికొలతలో ఉంది. "1200 క్యాలరీలే తింటున్నాం, అయినా తగ్గట్లేదు" అన్నవాళ్లను పరీక్షించి 1992లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వేశారు. వాళ్లు తిన్నదాంట్లో సగటున 47 శాతం లెక్కలోకే రాలేదట. అబద్ధమాడారని కాదు, చెంచాలు అలా మోసం చేస్తాయి.

మన వంటింట్లో ఆ మోసం ఎక్కువగా నూనె దగ్గర జరుగుతుంది. లీటరు నూనె ప్యాకెట్ 910 గ్రాములు. నలుగురున్న ఇంట్లో అది ఐదు రోజుల్లో అయిపోతే ఒక్కొక్కరికి రోజుకు 45 గ్రాములు, అంటే 400 క్యాలరీల పైన. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజు మొత్తానికి 2000 క్యాలరీల తిండికి చెప్పింది 27 గ్రాములు. ఈ 18 గ్రాముల తేడా చాలు, నెలకు అరకిలో పైచిలుకు తగ్గాల్సిన బరువు అక్కడే ఆగిపోతుంది.

నూనెని చెంచాతో కొలవకండి, చెంచా అంచు మీద ఎంత ఉబ్బిందో ఎవరూ చూడరు. నూనె డబ్బాని కాటా మీద పెట్టి టేర్ అన్న బటన్ నొక్కి సున్నా చేయండి. డబ్బా తీసి బాణలిలో పోసి మళ్లీ కాటా మీద పెట్టండి. మైనస్ 45 అని చూపిస్తే పోసింది 45 గ్రాములు. దోసెలకైతే ఒక్కో దోసెకి తూచడం వృథా. మొదటి దోసెకి ముందు డబ్బా బరువు, చివరి దోసె తర్వాత బరువు రాసుకుని తేడాని దోసెల సంఖ్యతో భాగించండి.

బెండకాయ వేపుడు లెక్క చూడండి. అరకిలో కాయలు, 45 గ్రాముల నూనె. వేగాక కూర మొత్తం 340 గ్రాములకు దిగింది. పళ్లెంలో వేసుకున్నది 120 గ్రాములు. 45ని 120తో హెచ్చవేసి 340తో భాగిస్తే మీ వంతు నూనె 16 గ్రాములు, దాదాపు 143 క్యాలరీలు. బెండకాయల వంతు యాభై చిల్లరే. కూరగాయే కదా అని రెండోసారి వడ్డించుకునేది ఇదే.

అన్నం పచ్చి బియ్యం లెక్కన చూడాలి. 200 గ్రాముల బియ్యం ఉడికి 560 గ్రాములైతే, 250 గ్రాముల అన్నంలో బియ్యం 89 గ్రాములు. అదే బియ్యంలో నీళ్లు ఎక్కువ పోస్తే అన్నం బరువు పెరుగుతుంది గానీ క్యాలరీలు పెరగవు. క్యాలరీలు లెక్కపెట్టే యాప్‌లో "ఒక కప్పు అన్నం" నమ్మి మోసపోయేది ఇక్కడే. పోషకాహార సంస్థ 2017 పట్టికలు చూసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, అందులో శక్తి కిలోజౌల్స్‌లో ఉంటుంది. పాలిష్ బియ్యానికి 100 గ్రాములకు 1491 అని చూసి గుండె జారనక్కర్లేదు. 4.184తో భాగిస్తే 356 క్యాలరీలు.

ఇక కాటా లోపాలు. ఫ్యాన్ కింద పెడితే అంకె ఒకటి రెండు గ్రాములు ఊగుతుంది. గట్టు మీద తడి ఉన్నా, కింద మెతుకు ఇరుక్కున్నా తప్పు చూపిస్తుంది. రెండు నిమిషాలు కదపకపోతే ఆరిపోయి సున్నా చేసిందంతా పోతుంది. కూర సగంలో ఉండగా ఇది నిజంగా విసిగిస్తుంది, అందుకే ఖాళీ గిన్నెల బరువులు మార్కర్‌తో గిన్నె అడుగునే రాసి ఉంచడం మేలు. వేడి కుక్కర్‌ని నేరుగా పెట్టకూడదు. కింద చెక్కపలక వేసి దానితో సహా సున్నా చేయాలి, లేకపోతే చూస్తుండగానే అంకె జరుగుతుంది. పెద్ద గిన్నె పెడితే డిస్‌ప్లే కనిపించదు, కింద చిన్న గిన్నె బోర్లించాలి. సెల్స్ తగ్గినప్పుడు హెచ్చరిక రాకముందే తప్పు తూకాలు మొదలవుతాయి. నెలకోసారి 13 పది రూపాయల కాయిన్లు పెట్టి చూడండి, 100 గ్రాములకు ఒక గ్రాము అటూఇటుగా రావాలి.

కాటా చెప్పలేనివీ ఉన్నాయి. ఆవకాయ 20 గ్రాములంటుంది, అందులో ముక్కెంతో నూనెంతో చెప్పదు. పల్లీ చట్నీ ఇంట్లో చేస్తే పల్లీల్ని రుబ్బకముందే తూచాలి, 100 గ్రాములకు 500 క్యాలరీలు దాటతాయి. టిఫిన్ బండి దోసె, పెళ్లిభోజనం పూర్తిగా ఉజ్జాయింపే.

మూడు వారాలు అన్నీ తూచండి. తర్వాత నూనె, నెయ్యి, బియ్యం, పల్లీలు, జీడిపప్పు చాలు. ఆకుకూరల్నీ సొరకాయనీ తూచడం అనవసర శ్రమ. తూచినా, లెక్క సరిగ్గా ఉన్నా నాలుగు వారాలకూ బరువు కదలకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు తిండి తగ్గించేముందే డాక్టరుకి చెప్పాలి, షుగర్ మరీ పడిపోవచ్చు.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ పోయిన ఒక్క మార్కు, రెండు నిమిషాలకే ఆరిపోయే గుణానికి. కొత్తగా కొనేవాళ్లు ఆటో ఆఫ్ టైము ఎంతో చూసి కొనండి. మెతుకు మెతుకూ లెక్కపెట్టుకుంటూ తిండి అంటేనే భయపడే స్థితిలో ఉన్నవాళ్లకు మాత్రం ఇది వద్దు.