దవడ దగ్గర జారిన ముఖానికి ఏది మేలు: ఫిల్లరా, దారాలా, ఫేస్ లిఫ్టా?

పెళ్లి ఫోటోలు చూస్తూ చూస్తూ అక్క ఒక ఫోటో దగ్గర ఆగిపోయింది. పక్కనుంచి తీసింది. దవడ అంచున కండ చిన్న సంచిలా వేలాడుతోంది. "ఇది తీయించుకోవాలంటే ఎంతవుతుందే?" అని అడిగింది. అక్కకు అప్పటికి 56 ఏళ్లు. ఆ రోజు నుంచి ఆపరేషన్ రాత్రి దాకా నేను తన వెంటే ఉన్నాను. ముగ్గురు డాక్టర్లను కలిశాం. ఒకరు ఫిల్లర్ చాలన్నారు, ఒకరు దారాలు వేద్దామన్నారు, ఇంకొకరు ఫేస్ లిఫ్ట్ అన్నారు. ఇంటికొచ్చి మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసుకుని, ఏది తక్కువో చూశాం. మేం చేసిన పొరపాటు అదే. ఒకే పనికి మూడు ధరలు చెప్పారనుకున్నాం. ఆ మూడూ వేరువేరు పనులని తర్వాత తెలిసింది.

వయసుతో ముఖంలో వచ్చే మార్పు ఒక్కటి కాదు. చర్మాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ తగ్గి బిగువు పోతుంది. బుగ్గల్లోని కొవ్వు కొన్నిచోట్ల కరిగి గుంట పడుతుంది, కొన్నిచోట్ల కిందికి దిగుతుంది. కంటి గుంట చుట్టూ, దవడ దగ్గర ఎముక కూడా కొంత అరుగుతుంది. నుదుటి మీద, కనుబొమల మధ్య గీతలకు కారణం వేరు, అక్కడి కండరాలు ఏళ్ల తరబడి ముడుచుకోవడం. మీ ముఖంలో వీటిలో ఏది ఎక్కువో తెలియకుండా ఖర్చు అడగడం, రోగం చెప్పకుండా మందు ధర అడిగినట్టే.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. కిటికీ వెలుతురులో కూర్చుని చేతి అద్దంలో చూసుకోండి. తర్వాత వెల్లకిలా పడుకుని, అదే అద్దాన్ని ముఖానికి ఎదురుగా పైన పట్టుకోండి. పడుకోగానే దవడ దగ్గరి సంచి మాయమై దవడ గీత శుభ్రంగా కనిపిస్తే, మీ సమస్య ఎక్కువగా జారుడు. పడుకున్నా కళ్ల కింద, కణతల దగ్గర గుంటలు అలాగే ఉంటే అది నిండుదనం తగ్గడం. అక్క పడుకుని చూసుకున్నప్పుడు, తన ముప్పై ఏళ్ల నాటి దవడ అద్దంలో కనిపించింది. కాసేపు అద్దం దించలేదు. డాక్టరు చూసి చెప్పేదానికి ఇది సాటి రాదు కానీ, ఏం అడగాలో తెలిసి వెళ్తారు.

ఫిల్లర్ గుంటలకు పనికొచ్చేది. ఎక్కువగా వాడేది హైలురానిక్ యాసిడ్ జెల్. మన చర్మంలో సహజంగా ఉండే పదార్థమే, నీటిని పట్టి ఉంచుతుంది. సిరంజితో ఎక్కిస్తారు, అరగంట పని, మర్నాడు ఉద్యోగానికి వెళ్లిపోవచ్చు. ఎక్కించిన చోటును బట్టి, జెల్ రకాన్ని బట్టి సుమారు 6 నుంచి 18 నెలలు నిలుస్తుంది. నచ్చకపోతే హైలురానిడేజ్ అనే ఎంజైమ్ ఇచ్చి కరిగించేయొచ్చు. ఈ సౌకర్యం మిగతా రెండింటికీ లేదు. కానీ ఫిల్లర్ నింపుతుంది, ఎత్తదు. జారిన ముఖాన్ని ఫిల్లర్‌తోనే పైకి తేవాలని సిరంజి మీద సిరంజి ఎక్కిస్తూ పోతే ముఖం ఉబ్బుతుంది, బుగ్గలు కళ్ల మీదికొస్తాయి. అక్కకు ఫిల్లర్ చాలన్న సలహా నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. సూది అంటే ప్రమాదం లేదనుకోవద్దు. జెల్ రక్తనాళంలోకి పోతే ఆ దారిలో రక్తం ఆగిపోతుంది. చర్మం పాలిపోయి, తర్వాత వల లాంటి నీలపు మచ్చలు తేలి, నొప్పి పెరిగితే ఆలస్యం చేయకూడదు, గంటల్లోనే చికిత్స అందాలి. అరుదుగానైనా చూపు పోయిన సందర్భాలున్నాయి. కనుబొమల మధ్య, ముక్కు మీద ఈ ముప్పు మరీ ఎక్కువ. అందుకే సూది వేయించుకునే ముందు "హైలురానిడేజ్ ఇప్పుడు మీ దగ్గర ఉందా?" అని అడగండి. తడబడితే లేచి వచ్చేయండి.

దారాల సంగతి. చిన్న ముళ్లలాంటి కొక్కేలున్న దారాన్ని చర్మం కింద దూర్చి, కండను పట్టి పైకి లాగుతారు. ఆ చోటుకు మాత్రమే మత్తు ఇస్తారు, గంటలోపు అయిపోతుంది. ఎక్కువగా వాడే పీడీఓ అనే రకం దారాలు ఆరు నెలల అటూ ఇటూగా ఒంట్లోనే కరిగిపోతాయి. ఎత్తిన ఫలితం ఏడాది, మహా అయితే ఏడాదిన్నర కనిపిస్తుంది. జారుడు కొద్దిగా ఉండి, చర్మం పలచబడని నలభైల్లోని మనిషికి, ఏడాది మాటే అని తెలిసి చేయించుకుంటే తప్పులేదు. అక్కలా సంచి కట్టిన దవడను దారం మోయలేదు. చర్మం మీద సొట్టలు పడటం, దారం కొస తగలడం, ఒకవైపు ఎక్కువ లాగినట్టు ఉండటం దీని ఇబ్బందులు. తర్వాత ఫేస్ లిఫ్ట్ చేయించుకుంటే పాత దారాల చుట్టూ గట్టిపడిన మచ్చలు సర్జన్‌కు అడ్డొచ్చే అవకాశమూ ఉంది. పెట్టిన డబ్బుకు వచ్చే ఫలితం చూస్తే మూడింటిలో నాకు తక్కువనిపించింది ఇదే.

ఫేస్ లిఫ్ట్ అంటే చర్మాన్ని లాగి కుట్టేయడం అని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు ఎక్కువగా జరిగింది అదే, అందుకే గాలికి ఎదురుగా నిలబడ్డట్టుండే ముఖాలు వచ్చేవి. 1976లో మిట్జ్, పెరోనీ అనే సర్జన్లు చర్మం, దాని కింది కొవ్వు తర్వాత ఉండే, ముఖ కండరాలతో కలిసిన ఒక పొరను వివరించారు. స్మాస్ అంటారు. ఇప్పుడు బరువు మోసేది ఆ పొరే. దాన్ని ఎత్తి బిగించి, మీద చర్మాన్ని లాగకుండా పరిచి, మిగిలింది కత్తిరిస్తారు. స్మాస్ కిందికి కూడా వెళ్లి, ముఖాన్ని పట్టి ఉంచే బంధనాలను వదులు చేసి మొత్తంగా ఎత్తేది డీప్ ప్లేన్ పద్ధతి. కోత గీత కణత వెంట్రుకల్లో మొదలై, చెవి ముందు మడతలో దిగి, తమ్మె చుట్టూ తిరిగి, చెవి వెనక నుంచి జుట్టులోకి పోతుంది. ఫలితం చాలామందిలో పదేళ్ల దాకా ఉంటుంది. వయసు మాత్రం ఆగదు, ఆ పదేళ్లూ ముఖం మళ్లీ మెల్లగా జారుతూనే ఉంటుంది.

చివరికి అక్క ఫేస్ లిఫ్టే చేయించుకుంది. ఆపరేషన్ అయిన రాత్రి తన తల కింద రెండు దిండ్లు, చెవుల వెనక నుంచి సన్నటి గొట్టాలు, చుట్టూ కట్టు. నర్సు గంట గంటకూ వచ్చి బీపీ చూసింది. ఎందుకింత అని అడిగితే, ఫేస్ లిఫ్ట్ తర్వాత ఎక్కువగా వచ్చే ఇబ్బంది చర్మం కింద రక్తం చేరడమని, అది చాలావరకు మొదటి 24 గంటల్లోనే జరుగుతుందని, బీపీ పెరిగితే ముప్పు పెరుగుతుందని చెప్పింది. ఒకవైపే వాపు, నొప్పి పెరిగితే వెంటనే పిలవమంది. నేను తెల్లవారేదాకా రెండు చెంపలనూ పోల్చి చూస్తూ కూర్చున్నాను. ముఖ నరానికి దెబ్బ తగిలి శాశ్వతంగా బలహీనత రావడం అరుదు, 1 శాతం లోపే, కానీ సున్నా కాదు. చెవి తమ్మె దగ్గర మొద్దుబారడం మామూలు, నెలలు పడుతుంది. సిగరెట్ తాగేవారికి చెవి చుట్టుపక్కల చర్మం చచ్చిపోయే ముప్పు ఎక్కువ. కనీసం నాలుగు వారాలు ముందు, నాలుగు వారాలు తర్వాత మానాల్సిందే. నలుగురిలోకి రావడానికి రెండు మూడు వారాలు. అసలు ఆకారం తేరుకోవడానికి నెలలు.

ఇక డబ్బు. పదేళ్లకు లెక్క వేయండి. ఫిల్లర్ ఏడాదికోసారి, ప్రతిసారీ రెండు సిరంజిలు అనుకుంటే 20 సిరంజిలు. దారాలు ఏడాదిన్నరకోసారి అయినా ఆరేడు సార్లు. ఫేస్ లిఫ్ట్ ఒక్కసారి. మీకు చెప్పిన ధరలను వీటితో గుణించి చూస్తే, మొదట చౌకగా కనిపించింది చౌక కాకపోవచ్చు. అయితే ఫేస్ లిఫ్ట్‌కు ముందు చెప్పే అంకె తరచుగా సర్జన్ ఫీజు మాత్రమే. మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, రాత్రి గది, రక్త పరీక్షలు, మందులు, తర్వాత చూపించుకునే విజిట్లు, మళ్లీ చేయాల్సి వస్తే అయ్యే ఖర్చు, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. మూడు వారాల సెలవు కూడా ఖర్చే. అందం కోసం చేసేదానికి బీమా సాధారణంగా రాదు. పై కనురెప్ప జారి చూపుకు అడ్డొస్తే, పరీక్షలో అది రుజువైతే, కొన్ని పాలసీలు కనురెప్ప ఆపరేషన్‌కు ఒప్పుకుంటాయి.

ఆ కనురెప్పల ఆపరేషన్ గురించి రెండు ముక్కలు. పై రెప్పలు మాత్రమే బరువెక్కినవారు ముఖమంతా ముట్టుకోనక్కర్లేదు. ఆ చోటుకు మత్తిచ్చి గంటలో చేస్తారు, వారానికి కుట్లు తీస్తారు. కళ్లు ముందే పొడిబారుతుంటే డాక్టరుకు చెప్పండి. నుదుటి గీతలే బాధ అయితే ముడుచుకునే కండరాలను సడలించే బొటాక్స్ సూది, మూడు నాలుగు నెలలు ఉంటుంది, పదేళ్లకు ముప్పై నుంచి నలభై సార్లు. ఈ రెండూ దవడను ఎత్తవు.

కాబట్టి నన్నడిగితే, గుంటలే ఉంటే ఫిల్లర్, అదీ కొంచెం కొంచెంగా. ఆరోగ్యం, బీపీ అదుపులో ఉండి, నిజంగా జారిన ముఖమైతే, డబ్బు కూడబెట్టుకుని ప్లాస్టిక్ సర్జన్ దగ్గర ఫేస్ లిఫ్ట్. ఇప్పుడు తోచక మధ్యలో దారాల వైపు వెళ్లేకంటే రెండేళ్లు ఆగడం నయం. సర్జన్ చూపించే ఫోటోల్లో ఆపరేషన్ అయిన ఏడాదికి తీసినవి అడగండి, ఆరు వారాలవి కాదు.

అక్కకు 14 నెలలయింది. చెవి ముందు గీత నేను జడ వేసేటప్పుడు మాత్రమే కనిపిస్తుంది. తమ్మె దగ్గర ఇప్పటికీ కొంచెం మొద్దుగా ఉందని, కమ్మలు పెట్టుకునేటప్పుడు అద్దం చూసుకోవాలంటుంది. పెదవి చుట్టూ సన్నగీతలు అలాగే ఉన్నాయి. లిఫ్ట్‌తో అవి పోవని సర్జన్ ముందే చెప్పారు, లేజర్ కావాలన్నారు. అక్క ఇంకా ఆలోచిస్తోంది.