జాగ్రత్త: ఫిట్టింగులో ఉండిపోయిన పాత పైపు తీసే టూల్ కొనేముందు కొలత చూసుకోండి

ఫిట్టింగు లోపల ఉండిపోయిన పాత ప్లాస్టిక్ పైపును డ్రిల్లుతో తొలిచి తీస్తుందని అమ్ముతున్న టూల్ ఒకటి ఆన్‌లైన్లో కొన్నాను. 1,340 రూపాయలు. అది వాడాక గోడలో ఉన్న టీ (మూడు పైపులను కలిపే ఫిట్టింగు) పాడైపోయింది. బాత్రూంలో ఐదు టైల్స్ పగలగొట్టించాల్సి వచ్చింది. కూలి, సామాను, టైల్స్ అన్నీ కలిపి ఇంకో 6,300 రూపాయలు పోయాయి. మాది ఒంగోలు. బోరు నీళ్లు వాడే పాత ఇళ్లల్లో ఇలాంటి రిపేరు ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. మీలో ఎవరైనా ఆ టూల్ కొనే ఆలోచనలో ఉంటే, దయచేసి ఇది పూర్తిగా చదివాకే కొనండి.

మా ఇల్లు 2012లో కట్టాం. గోడల్లో అంతా క్రీమ్ కలర్ సీపీవీసీ (వేడినీళ్లను తట్టుకునే ప్లాస్టిక్) పైపులే. గీజర్ కింద యాంగిల్ కాక్ కారుతుంటే మారుద్దామని మొదలుపెట్టాం. ఉప్పునీళ్లకు మరలు మొత్తం పట్టేసి ఉన్నాయి. రెంచీ వేసి గట్టిగా తిప్పితే కాక్ కదల్లేదు, దాని వెనకున్న పైపు టక్కున విరిగింది. వేడినీళ్ల లైను, ఇన్నేళ్లకు పెళుసెక్కిపోయింది. అది కూడా మధ్యలో విరిగి ఉంటే రెండు ముక్కలను కలిపే ఒక కప్లర్‌తో పోయేది. సరిగ్గా గోడలోని టీ మూతి దగ్గర తెగింది. పైపు ముక్క టీ లోపలే ఉండిపోయింది. పట్టుకుని లాగడానికి బయట గోరంత కూడా లేదు.

మా ప్లంబరు చూసి, "అన్నా, ఇది లాగితే వచ్చేది కాదు. గోడ కొట్టి టీ మార్చాల" అన్నాడు. నాకు మనసొప్పలేదు. ఆ టైల్స్ డిజైను ఇప్పుడు ఒంగోల్లోనే కాదు, నెల్లూరులో అడిగినా లేదన్నారు. కొడితే ఆ గోడ మీద అతుకు వేసినట్టు కనిపిస్తుందని మా అమ్మ కూడా వద్దంది. రెండు రోజులు ఆగమని ప్లంబరుకు చెప్పి ఫోన్లో వెతికాను. అప్పుడు దొరికింది ఈ టూల్.

పేజీలో రాసింది ఇదీ: ముప్పావు ఇంచు, అన్ని రకాల ప్లాస్టిక్ పైపులకూ పనికొస్తుంది, ఫిట్టింగుకు ఏమీ కాదు. మా పైపు కూడా ముప్పావు ఇంచే. అయినా అనుమానంతో చాట్‌లో అడిగాను, సీపీవీసీకి పనిచేస్తుందా అని. ముప్పావు ఇంచు అయితే ఏదైనా పర్లేదు సార్ అని జవాబిచ్చారు. ఆ ఒక్క మాట నమ్మి ఆర్డర్ పెట్టాను.

మా బావమరిది దగ్గర డ్రిల్లు ఉంది. ఆదివారం ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. నెమ్మదిగానే తిప్పాం, కళ్లద్దాలు కూడా పెట్టుకున్నాం. క్రీమ్ కలర్ పొట్టు రాలుతుంటే పైపు వచ్చేస్తోందనే అనుకున్నాం. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. సీపీవీసీలో పైపుదీ ఫిట్టింగుదీ ఒకే రంగు. రాలే పొట్టు పైపుదో, టీదో చూసి పోల్చుకోలేం. టూల్ అడుగు దాకా వెళ్లాక బయటికి తీసి, టార్చి వేసి చూస్తే లోపల నున్నగా, గుండ్రంగా ఉంది. సంతోషపడ్డాం. కొత్త పైపు ముక్క తెచ్చి పెట్టి చూస్తే అది లోపల వదులుగా ఊగింది. వేలు పోయేంత సందు లేదు గానీ, చుట్టూ రెండు మిల్లీమీటర్లకు పైగా ఖాళీ. టీ గోడ ఒకపక్క కాగితంలా పలచబడి, వేలితో నొక్కితే చీలిపోయింది.

ఆ సాయంత్రం ప్లంబరును పిలిస్తే టూల్‌నూ పైపునూ పక్కపక్కన పెట్టి వర్నియర్‌తో (మిల్లీమీటరులో భాగాల దాకా కొలిచే పరికరం) కొలిచి చూపించాడు. పైపు బయటి కొలత 22 మిల్లీమీటర్ల చిల్లర. టూల్ పళ్లు దాదాపు 27. "రెండూ ముప్పావే కదన్నా" అన్నాను. "పేరుకు ముప్పావే. జాతులు వేరు" అన్నాడు.

ఆయన చెప్పింది విన్నాక కొలతల పట్టికలు కూడా చూశాను. కొనేవాళ్లకు తప్పక తెలియాల్సిన సంగతి ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఇళ్లల్లో వేడినీళ్లకు వాడే సీపీవీసీ పైపు రాగి గొట్టాల కొలతల పద్ధతిలో తయారవుతుంది. అర ఇంచు పైపు బయటి కొలత 15.9 మిల్లీమీటర్లు, ముప్పావుది 22.2, ఇంచుది 28.6. చన్నీళ్లకు వాడే తెల్ల యూపీవీసీ పైపు, మందాన్ని బట్టి షెడ్యూల్ 40, షెడ్యూల్ 80 అని అమ్మేది, పాత ఇనప పైపుల కొలతల్లో ఉంటుంది. అందులో అర ఇంచు 21.3, ముప్పావు 26.7, ఇంచు 33.4. ఇక మన రైతులు పొలాల్లో వేసే పీవీసీ పైపుల లెక్క మరొకటి. అవి నేరుగా బయటి మిల్లీమీటర్లతోనే నడుస్తాయి, 20, 25, 32 అని మొదలై 63, 75, 90, 110 దాకా. అందులో 25ను కూడా కొట్లో ముప్పావు అనే ఇస్తారు. అంటే ముప్పావు ఇంచు అని అడిగితే 22.2 రావచ్చు, 25 రావచ్చు, 26.7 రావచ్చు. నాకు వచ్చిన టూల్ షెడ్యూల్ 40 పైపు కోసం చేసింది. 22.2 పట్టాల్సిన మూతిని అది 26.7కు తొలిచేసింది. పోయిన ఆ నాలుగున్నర మిల్లీమీటర్లు టీ గోడవే.

ఇలాంటి టూల్స్ అన్నీ మోసమని నేను అనడం లేదు. సరిగ్గా తయారైన దానికి ముందు భాగంలో పైపు బోరులో, అంటే లోపలి రంధ్రంలో, బిగువుగా కూర్చునే నున్నటి గైడు ఉంటుంది. అది నడిమధ్యన పట్టుకుంటుంది కాబట్టి పళ్లు పక్కకు జారవు. పైగా వేరే సైజు పైపులోకి ఆ గైడు దూరదు, లేదా వదులుగా ఆడుతుంది, తప్పు వెంటనే తెలిసిపోతుంది. షెడ్యూల్ 40 ముప్పావు పైపు బోరు దాదాపు 21 మిల్లీమీటర్లు. మా సీపీవీసీ ఎస్‌డీఆర్ 11 (బయటి కొలత గోడ మందానికి పదకొండు రెట్లు అని అర్థం) పైపు బోరు 18 చిల్లర. గైడు ఉండి ఉంటే లోపలికి పోయేదే కాదు, టీ బతికేది. నాకు పంపినదానికి గైడు లేదు, కొన పెన్సిల్‌లా మొనదేలి ఉంది. ఏ పైపులోకైనా దూరుతుంది, ఏ ఫిట్టింగునైనా తినేస్తుంది. పేజీలో ఉన్న ఫోటోలో మాత్రం గైడు ఉన్నట్టే కనిపిస్తుంది. వచ్చిన రోజే ఫోటోతో పోల్చి చూసి ఉండాల్సింది.

మన ప్రాంతానికి ఇంకో చిక్కుంది. ఉప్పు, సున్నం ఎక్కువున్న నీళ్లకు పైపు లోపల తెల్లగా పొర కడుతుంది. వేడినీళ్ల లైనులో మరీ ఎక్కువ. గైడు ఉన్న మంచి టూల్ అయినా ఆ పొర అడ్డుపడి లోపలికి పోదు. అప్పుడు గైడును అరగదీస్తే చాలని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఆ పని మాత్రం చేయకండి. ముందు ఆ పొరను గోకి తీయాలి.

నేను కొనలేదు గానీ, కొనమని సలహా వచ్చిన ఇంకో వస్తువు గురించి కూడా చెప్పాలి. రాస్తే పైపును అతికించిన పాత సొల్యూషన్ కరిగి పైపు ఊడొస్తుందని ఒక సీసా అమ్ముతున్నారు. ప్లంబింగులో వాడే సొల్యూషన్ గమ్ములాంటిది కాదు. అది పైపు పైపొరనూ ఫిట్టింగు లోపొరనూ కాస్త కరిగించి ఒకటిగా కలిపేస్తుంది. ఆరిన తర్వాత రెండిటి మధ్య విడదీయడానికి వేరే పొరంటూ ఏదీ మిగలదు. పైపును కరిగించగల ద్రావకం ఏదైనా ఫిట్టింగునూ కరిగిస్తుంది, రెండూ ఒకే ప్లాస్టిక్ కాబట్టి. ఆ డబ్బు దండగ.

మంట పెట్టి తీసేవాళ్లనూ చూశాను. మా వీధిలోనే ఒకరింట్లో బ్లో ల్యాంపుతో చేశారు. వేడికి పైపుతోపాటు ఫిట్టింగు కూడా మెత్తబడి వంకర పోతుంది. కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. అది కళ్లనూ గొంతునూ ఊపిరితిత్తులనూ మండిస్తుంది. తలుపేసిన బాత్రూంలో, ఇంట్లో చిన్నపిల్లలు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు ఉండగా ఆ పని అస్సలు చేయించకండి.

"టూల్ పెట్టకముందు నన్ను పిలిచుంటే బ్లేడుతో ప్రయత్నం చేసేవాణ్ణి" అన్నాడు మా ప్లంబరు. ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆయన పద్ధతి ఇది. హ్యాక్సా బ్లేడును ఫ్రేములోంచి తీసి, ఒక చివర గుడ్డ చుట్టి పట్టుకుని, పైపు ముక్క లోపలి నుంచి నిలువుగా మూడు నాలుగు చోట్ల గాటు పెట్టాలి. గాటు పైపు మందం వరకే వెళ్లాలి. ముప్పావు సీపీవీసీ ఎస్‌డీఆర్ 11 పైపు మందం రెండు మిల్లీమీటర్లు మాత్రమే, అందుకే తొందర పనికిరాదు. తర్వాత సన్నటి స్క్రూడ్రైవరును గాటులో పెట్టి మెల్లగా లోపలివైపు తడితే పైపు పెంకులు పెంకులుగా లేచి వస్తుంది. సొల్యూషన్ సరిగ్గా పట్టిన చోట రాదు, అక్కడ ఓపికగా గోకాలి. గంట పట్టొచ్చు, రెండు గంటలు పట్టొచ్చు. అన్నిసార్లూ కుదురుతుందని ఆయన కూడా హామీ ఇవ్వలేదు. కానీ పోయేది ఒక బ్లేడు.

మూతి బాగు చేశాక కొత్త పైపును సొల్యూషన్ లేకుండా పెట్టి చూడాలని చెప్పాడు. ఫిట్టింగు మూతి లోపలికి పోనుపోను కొద్దిగా ఇరుకవుతుంది. చేత్తో నెడితే పైపు మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా వెళ్లి బిగుసుకోవాలి. ఏ పట్టూ లేకుండా అడుగు దాకా జారిపోయిందంటే ఆ ఫిట్టింగు ఇక పనికిరాదు. ఎపాక్సీ ముద్ద పెట్టి సరిచేయమని కొట్టతను నాకు సలహా ఇచ్చాడు. గోడలోపల ఉండే వేడినీళ్ల జాయింటుకు అలా చేయనని మా ప్లంబరు ఖరాఖండిగా చెప్పాడు. ఆయన మాటే విన్నాను.

ఒక సంగతి వేరుగా గుర్తుంచుకోండి. ఇత్తడి ఫిట్టింగు మరలో ప్లాస్టిక్ నిపుల్ (మరలున్న పొట్టి పైపు ముక్క) విరిగి ఉండిపోతే అది ఇంత కష్టం కాదు. అక్కడ సొల్యూషన్ ఉండదు, టేపు మాత్రమే. బ్లేడుతో ఒక గాటు పెట్టి, లోపలికి వంచి, ప్లయర్‌తో తిప్పితే వచ్చేస్తుంది. దానికోసం వెయ్యి రూపాయల టూల్ అక్కర్లేదు.

అమ్మినవాళ్ల సంగతి. వాడిన వస్తువు వాపసు తీసుకోం అన్నారు మొదట. నేను ఆర్డరు పెట్టిన రోజే పేజీని, చాట్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఉంచాను, అదే నన్ను కాపాడింది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వాపసు తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. అమ్మకపు సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మన ఫిర్యాదు అందిందని తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఈ రెండు విషయాలూ రాసి, టూల్‌నూ పైపునూ వర్నియర్‌తో కొలిచిన ఫోటోలు జతచేసి పంపాను. జవాబు తప్పించుకునేలా రావడంతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తెలుగులోనే మాట్లాడాను. మూడు వారాలకు 1,340 తిరిగొచ్చింది. గోడకైన ఖర్చు రాలేదు. దానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. కాగితాలన్నీ దాచి ఉంచాను, వెళ్లాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు.

మీరు కొనాల్సి వస్తే ముందు మీ పైపు మీద అచ్చు చదవండి. సీపీవీసీ అయితే ఐఎస్ 15778 అని, ఎస్‌డీఆర్ 11 లేదా 13.5 అని ఉంటుంది. అచ్చు చెరిగిపోతే అదే లైనులో బయటికి కనిపించే చోట వర్నియర్ పెట్టి కొలవండి. వర్నియర్ లేకపోతే పైపు చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును 3.14తో భాగించినా చాలు. ఆ తర్వాత టూల్ పళ్ల వ్యాసం, గైడు వ్యాసం మిల్లీమీటర్లలో ఎంతో అమ్మేవాళ్లను అడిగి, జవాబు రాతలో తీసుకోండి. వచ్చిన టూల్‌ను గోడ దగ్గరికి తీసుకెళ్లకముందు, కొట్లో 20, 30 రూపాయలకు దొరికే కొత్త కప్లర్‌లో పైపు ముక్కను అతికించి, ఆరాక దానిమీద ఒకసారి పెట్టి చూడండి. నేను ఈ ఒక్క పని చేసినా ఆ టీ మిగిలేది.

నిన్న ఆ పేజీ మళ్లీ తెరిచి చూశాను. అన్ని రకాల పైపులకూ అన్న మాట తీసేశారు. టూల్ ఇంకా అమ్ముతున్నారు. కొలత ముప్పావు ఇంచు అనే ఉంది, మిల్లీమీటర్లు ఇప్పటికీ రాయలేదు.