మా పెరట్లో న్యూ మెక్సికో ఆలివ్: ఎనిమిదేళ్ల తర్వాత

ఆలివ్ కాయల మీద ఆశతో మాత్రం ఈ మొక్క కొనకండి. కుటుంబం ఆలివ్‌దే గానీ కాయ మిరియపు గింజ కంటే కాస్త పెద్దది, అంతే. ఒకటి కొరికి చూశాను. వగరూ చేదూ కలిసి, కాఫీ తాగినా నోరు బాగుపడలేదు.

మేముండేది అమెరికాలో, న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్కీలో. ఊరు 5,000 అడుగుల ఎత్తున ఉంటుంది, ఏడాదంతా కలిపినా వాన 9 అంగుళాల చుట్టూనే. పెరటి గోడ పొడుగునా పచ్చగా ఏదైనా ఉండాలని అయిదు గ్యాలన్ల కుండీల్లో ఉన్న మొక్కలు మూడు తెచ్చాం. రియో గ్రాండే నది ఒడ్డున ఇవి ఎవరూ నీళ్లు పోయకుండానే పెరగడం చూశాం కదా, ఆ ధైర్యం.

ఒకటి పోయింది, తప్పు నాదే. ఎండలు చూసి టెన్షన్ పడి రోజూ డ్రిప్ వదిలాను. ఆ మూల బంకమట్టి, నీళ్లు ఇంకలేదు, వేరు కుళ్లింది. మిగతా రెంటికీ వేసవిలో రెండు మూడు వారాలకోసారి నిండా పెడుతున్నాను. నిక్షేపంగా ఉన్నాయి, పన్నెండు అడుగులు దాటాయి.

ఇందులో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. కొన్నప్పుడు నర్సరీలో అడిగితే "అన్నీ కాస్తాయి" అన్నారు. నాలుగేళ్లు ఎదురుచూశాక తేలింది, నావి రెండూ మగవేనని! తర్వాత ఇంకోచోట కాయలతో ఉన్న కుండీ చూసి మరీ ఆడ మొక్క తెచ్చుకున్నాను.

నాకు బాగా నచ్చేది మార్చి నెల. ఆకు ఇంకా వేయదు, కణుపు కణుపుకీ పసుపు పూత. రేకులుండవు, కేసరాల కుచ్చులే. ఊళ్లో మరేదీ పూయకముందే తేనెటీగలు దీని మీద వాలతాయి. ఒకసారి అమ్మ వచ్చినప్పుడు, "ఇది మన మల్లెకీ పారిజాతానికీ చుట్టమేనమ్మా" అన్నాను. దగ్గరికెళ్లి వాసన చూసి, "చుట్టమైతే అయిందిలేరా, ఆ ఇంటి లక్షణం ఒక్కటీ రాలేదు" అంది.

పక్కింటికి అడ్డుగా ఉంటుందనుకునేవాళ్లు ఆలోచించుకోండి. చలికాలమంతా ఆకుండదు, వాళ్ల పెరడు మొత్తం కనిపిస్తుంది. కానీ కింది కొమ్మలు తీసేస్తే తెల్లటి బూడిదరంగు కాండాలు బయటపడతాయి, మంచు పడ్డ పొద్దున వాటి అందమే వేరు. చెట్టు మొదలు దగ్గర పిలకలు వస్తూనే ఉంటాయి, ఏడాదికి రెండుసార్లు కోయాలి. చిన్న కత్తెరతో పని కాదు. ఇక్కడి ఆదివాసులైన హోపీ రైతులు నేల తవ్వే కర్రలు ఈ కట్టెతోనే చేసుకునేవారట, నా కత్తెర విరిగాక నమ్మాను.

పోయిన ఏడాది వేసవి చివర ఆడ మొక్క కాయలు నీలంగా, నల్లగా మారాయి. ఫోటో తీద్దామని శనివారం దాకా ఆగాను. ఈలోపే రాబిన్ పిట్టలు ఊడ్చేశాయి. కింద పరిచిన రాళ్ల మీద ఊదా మరకలు మిగిల్చాయి, అవి ఇప్పటికీ పోలేదు.