దుబాయా, హైదరాబాదా, సొంతూరా: జగిత్యాల యువకుడికి ఏది మేలు?

జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల్లో చదువు మధ్యలో ఆపేసిన యువకుడి ముందు మూడు దారులుంటాయి: గల్ఫ్, హైదరాబాద్, సొంతూరు. చాలా ఇళ్లలో జీతం ఎంతో అడిగి తేల్చేస్తారు. దానికంటే ముందు, బయలుదేరే రోజుకు అప్పు ఎంత ఉంటుందో అడగాలంటాను.

ఒక లెక్క వేసి చూద్దాం. దుబాయ్‌లో జీతం 1,200 దిర్హాములు, దిర్హాముకు 23 రూపాయల లెక్కన 27,600 రూపాయలు అనుకుందాం. తిండికి, ఫోనుకు పోగా ఇంటికి 20,000 పంపగలడు. కానీ వీసాకు లక్షన్నర, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే, ఆ 20,000 మొత్తం కట్టినా అప్పు తీరడానికి ఎనిమిది నెలలు దాటుతుంది. రెండేళ్ల కాంట్రాక్టులో మూడో వంతు అక్కడే పోయింది. నిజానికి లైసెన్సు ఉన్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి సర్వీసు ఫీజు తీసుకోకూడదు. మిగతాది ఊళ్లో తిరిగే సబ్ ఏజెంట్ల చేతుల్లోకి పోతుంది.

గల్ఫ్‌లోనూ అన్ని వీసాలూ ఒకటి కావు. కంపెనీ వీసాకు కాంట్రాక్టు ఉంటుంది. పదో తరగతి పాసు కానివారికైతే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో విదేశానికి వెళ్లే అనుమతి (క్లియరెన్స్), 10 లక్షల ప్రమాద బీమా కూడా ఉంటాయి. రెండేళ్ల బీమాకు ప్రీమియం 275 రూపాయలే. విజిట్ వీసా మీద వెళ్తే ఇవేవీ ఉండవు. ఆజాద్ వీసా ఇంకా ప్రమాదం. వీసా ఇచ్చిన యజమాని, అంటే ఖఫీల్ ఒకచోట, పని మరోచోట. పనివాడు పారిపోయాడని ఆ ఖఫీల్ ఫిర్యాదు చేస్తే మనవాడు ఖల్లివెల్లి, అంటే చట్టబద్ధమైన కాగితాలు లేనివాడు అయిపోతాడు. తర్వాత 2018లో, 2024లో యూఏఈ ఇచ్చినట్టు ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ఎప్పుడిస్తారా అని ఎదురుచూడాలి. ఎంత తక్కువకు వచ్చినా ఈ రెండు వీసాలూ వద్దనే చెబుతాను.

హైదరాబాద్‌లో మిగిలేది తక్కువ. రోజుకు 800 చొప్పున నెలకు 22 రోజులు పని దొరికితే 17,600. అద్దె, తిండి పోతే పదివేలు మిగలడం కష్టం. కూలీల అడ్డా మీద నిలబడ్డా పని దొరకని రోజులుంటాయి. అయినా పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టాల్సిన పని లేదు, మేస్త్రీ నచ్చకపోతే మరుసటి రోజే మారొచ్చు, అమ్మకు జ్వరమొస్తే రాత్రి బస్సెక్కొచ్చు. అన్నిటికంటే, వైరింగో ఏసీ రిపేరో చేతికొస్తుంది.

ఊళ్లో పనే లేదనడం సరికాదు. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) నీళ్ల కింద వరి నాట్లకు బీహార్ నుంచి కూలీలు వస్తున్నారు, రైస్ మిల్లుల్లో హమాలీలూ వాళ్లే. లేనిది ఏడాది పొడవునా దొరికే పని. కోతలన్నీ హార్వెస్టర్లే చేస్తున్నాయి. మగవాళ్లు పంపే డబ్బు ఆలస్యమైన నెలల్లో ఎన్నో ఇళ్లు ఆడవాళ్లు చుట్టే బీడీల మీదే నడిచాయి. ఈ లెక్క ఎవరూ రాయరు, రాయాలి.

ఇరవై ఏళ్లవాడు నన్ను అడిగితే, ముందు రెండు మూడేళ్లు హైదరాబాద్‌లో ఒక పని పూర్తిగా నేర్చుకోమంటాను. ఆ తర్వాత విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారానో లైసెన్సు ఏజెంటు ద్వారానో కంపెనీ వీసా మీద గల్ఫ్ వెళ్తే అది మంచి దారే. ఎలక్ట్రీషియన్‌గా వెళ్లినవాడికీ హెల్పర్‌గా వెళ్లినవాడికీ జీతంలోనే కాదు, ఎండలో నిలబడే గంటల్లోనూ తేడా ఉంటుంది.

నలభై దాటి, బోర్ల అప్పు తీర్చడానికి మళ్లీ అప్పు చేసి వెళ్తానంటే మాత్రం వద్దంటాను. ఆ వయసులో బీపీ, షుగర్‌తో ఎండలో పని చేయాలి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షలిస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో జీవో ఇచ్చింది. మంచి నిర్ణయమే. కానీ వచ్చిన సొమ్ములో పెద్ద భాగం వీసా అప్పుకే పోతే ఆ ఇల్లాలికి ఏం మిగులుతుంది?