చెల్లె పెళ్లి బంగారానికి ఓరుగల్లులో రెండు రోజులు

భూపాలపల్లిలో పొద్దున్నే బస్సెక్కి పరకాల మీదుగా హన్మకొండ చేరాం. అమ్మ, చెల్లె, నేను. అమ్మ ఒళ్లో చేసంచి, అందులో అమ్మమ్మ పెట్టిన బంగారు గుండ్లపేరు.

బస్టాండు దగ్గరి లాడ్జిలో దిగాం. గది ఇరుకు, రాత్రంతా హారన్లు. అయినా చౌరస్తాకు నడిచిపోవచ్చు, నగలు పట్టుకుని ఆటోలెక్కే భయం లేదు. మళ్లీ వెళ్లినా అక్కడే దిగుతాను.

మొదటి రోజంతా పెద్ద షోరూముల్లోనే. కూర్చోబెట్టి చాయ్ ఇస్తారు, వడ్డాణాలు, వంకీలు, కాసులపేర్లు ఎన్నడిగినా విసుక్కోకుండా తీసి చూపిస్తారు. రకాలు చూడాలంటే అక్కడికే పోవాలి. ఒకచోట చెల్లె కళ్లు నకాషీ హారం మీద నిలిచిపోయాయి. మధ్యలో లక్ష్మీదేవి, చుట్టూ కెంపులు. మొత్తం 62 గ్రాములు, అందులో రాళ్లు 9. తరుగు, అంటే నగ చేసేటప్పుడు పోయే బంగారం కింద వేసే లెక్క, 14 శాతం అన్నారు. కాగితం చేతికిచ్చాక చూస్తే తరుగు 62 మీద కట్టారు! బంగారం 53 గ్రాములే కదా, రాళ్లకు తరుగేమిటి అంటే "అందరికీ ఇంతే మేడం" అన్నాడు. గ్రాముంబావుకు పైనే తేడా. అప్పు తెచ్చి బిడ్డ పెళ్లి చేసేవాళ్ల దగ్గర ఇలా గుంజుతారా అని కడుపు మండింది. లేచి వచ్చేశాం.

రెండో రోజు వరంగల్ వైపు, తెలిసినవాళ్లు చెప్పిన చిన్న దుకాణానికి వెళ్లాం. పెద్దాయన అవుసులాయన, అంటే కంసాలి. గుండ్లపేరు తూచాడు, 40 గ్రాములు. "అమ్మా, లోపల లక్క ఉంటది" అంటూ ఒక గుండును చిన్న కత్తెరతో చీల్చి అరచేతిలో పెట్టాడు. రేకు పల్చగా, లోపలంతా నల్లెరుపు లక్క. మంట తగలగానే కమురు వాసన, పొగ. మా కళ్ల ముందే కరిగించి తూస్తే 31 మిగిలింది.

"ఇన్నేండ్లు లక్కను మెడల ఏస్కున్ననా?" అంది అమ్మ, ఆ ముద్దనే చూస్తూ.

బాధ అనిపించినా, ఎంత పోయిందో, ఎందుకు పోయిందో కళ్లారా చూశాం. పాత బంగారం మార్చేవాళ్లు దాన్ని లోపలి గదికి పంపనివ్వొద్దు, కరిగించేదాకా పక్కనే నిలబడండి.

హారం అక్కడే తీసుకున్నాం. రాళ్లు తీసేసిన బరువు మీదే తరుగు కట్టాడు, పైన 3 శాతం జీఎస్టీ. నగ వెనక 22 క్యారెట్ల గుర్తు 22కే916, పక్కన ఆ నగకే ఇచ్చిన అక్షరాలు, అంకెలు కలిసిన ఆరింటి గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ ఉంది. హాల్‌మార్క్ చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల కేర్ యాప్‌లో ఆ కోడ్ కొడితే వస్తువు పేరు, స్వచ్ఛత వచ్చాయి, బిల్లుతో సరిపోయాయి. బిల్లు 2 లక్షలు దాటింది కాబట్టి పాన్ కార్డు అడిగారు. వెంట తీసుకెళ్లండి. కానుకలకు కరీంనగర్ వెండి తీగపని కుంకుమ భరిణెలు కొందామనుకున్నాం గానీ అటు పోయే టైం లేకపోయింది.

కరిగించిన దాంట్లోంచే పుట్టింటి పుస్తె చేయమన్నాం. సాయంత్రానికి చేతికిచ్చాడు. భద్రకాళి గుడికి తీసుకెళ్లి అమ్మవారి పాదాల దగ్గర పెట్టించాం. అమ్మ దాన్ని పసుపు గుడ్డలో ముడేసి కొంగుకు కట్టుకుంది. బస్సులో చెల్లె ఆ ముడి మీదే చెయ్యేసి నిద్రపోయింది.